టెక్వాటల్ ముందు స్టీమ్ డెక్: గుంపులో సెకనుకి 30 ఫ్రేమ్‌లు నిలబెట్టడానికి పడ్డ పాట్లు

ప్రశ్న ఒక్కటే. గిల్డ్ వార్స్ 2 అనే ఆన్‌లైన్ ఆటలో, మ్యాప్‌లో అందరూ కలిసి కొట్టే పెద్ద రాక్షసుడు (వరల్డ్ బాస్) దగ్గర, యాభై మంది స్క్వాడ్ నిండిపోయి చుట్టూ ఇంకో గుంపు కూడా ఉన్నప్పుడు, చేతిలో పట్టుకుని ఆడే కంప్యూటర్ స్టీమ్ డెక్ ఓలెడ్ ఆటని ఆడనిస్తుందా? ఖాళీ పొలాల్లో నడుస్తుందని అందరికీ తెలుసు. అక్కడ తీసిన వీడియోలు చూసి మెషీన్ మీద నిర్ణయానికి రావద్దనే ఈ డైరీ రాస్తున్నాను.

మెషీన్ లెక్కలు ముందే రాసుకుందాం, కింద పదేపదే అవసరం పడతాయి. నాలుగు కోర్ల జెన్ 2 ప్రాసెసర్, గరిష్ఠంగా 3.5 గిగాహెర్ట్జ్. గ్రాఫిక్స్ ఆర్‌డీఎన్‌ఏ 2, 8 కంప్యూట్ యూనిట్లు, గరిష్ఠంగా 1.6 గిగాహెర్ట్జ్. మెమరీ 16 జీబీ, ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ ఉమ్మడి. స్క్రీన్ 7.4 అంగుళాలు, 1280×800, 90 హెర్ట్జ్. బ్యాటరీ 50 వాట్-అవర్. చిప్ మొత్తానికి దొరికే కరెంటు 15 వాట్లు. ఈ చివరి అంకె మీదే సగం డైరీ నడుస్తుంది.

దశ 1: లాగిన్, కార్డు, పాడైన రెండు ఫైట్లు

ఆట 2012లో వచ్చింది, స్టీమ్‌లోకి 2022 ఆగస్టులో చేరింది. నా అకౌంట్ అంతకు ముందుది. స్టీమ్‌లో నేరుగా తెరిస్తే అది కొత్త అకౌంట్ చేయడానికి చూస్తుంది, పాత అకౌంట్‌ని స్టీమ్‌తో కలపడం కుదరదు. దీనికి దారి ఉంది. స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్ తెరిచి, లాంచ్ ఆప్షన్స్‌లో ముందు ఒక హైఫన్ పెట్టి ప్రొవైడర్ అని, ఒక ఖాళీ వదిలి పోర్టల్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయాలి. అప్పుడు పాత ఈమెయిల్, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఈ సంగతి తెలియక ఒక పూట పోయింది.

రెండో పొరపాటు పెద్దది. ఆటని మైక్రో ఎస్‌డీ కార్డులో వేశాను. ఈ ఆట డేటా దాదాపు అంతా ఒకే పెద్ద ఫైల్‌లో ఉంటుంది, ఆడుతున్నంతసేపూ అందులోంచి ముక్కలు చదువుతూనే ఉంటుంది. డెక్‌లోని కార్డు స్లాట్ యూహెచ్ఎస్-1 రకం, అంటే కార్డు ఎంత మంచిదైనా సెకనుకి 100 మెగాబైట్ల దగ్గరే ఆగుతుంది. స్టాప్‌వాచ్ పెట్టి చూశాను: బాస్ టెక్వాటల్ వచ్చే స్పార్క్‌ఫ్లై ఫెన్ మ్యాప్ తెరుచుకోవడానికి కార్డు నుంచి 58 సెకన్లు, లోపలి ఎస్ఎస్‌డీ నుంచి 26 సెకన్లు. వెయిటింగ్ సంగతి ఎలా ఉన్నా, లోపలికి వెళ్లాక మనుషుల బొమ్మలు ఒక్కొక్కటిగా ఆలస్యంగా ప్రత్యక్షమవుతుంటే ఫ్రేమ్‌లు ఎందుకు పడుతున్నాయో తేల్చడం అసాధ్యం. స్టోరేజ్ మెనూలోంచి ఎస్ఎస్‌డీకి మార్చేశాను.

మూడోది, కొత్తగా వేసిన ఆటలో మొదటి ఫైట్ కొలతకి పనికిరాదు. ఆట డైరెక్ట్ఎక్స్ 11 అనే విండోస్ గ్రాఫిక్స్ భాషలో మాట్లాడుతుంది, దాన్ని ప్రోటాన్‌లోని (విండోస్ ఆటల్ని డెక్‌లోని లినక్స్ మీద నడిపించేది) డీఎక్స్‌వీకే డెక్‌కి అర్థమయ్యే వల్కన్‌లోకి మారుస్తుంది. కొత్త మంత్రం, కొత్త కవచం మొదటిసారి తెర మీదికి వచ్చినప్పుడల్లా చిన్న కుదుపు వచ్చింది. రెండో ఫైట్‌కి చాలామటుకు తగ్గిపోయింది.

ఇప్పటిదాకా: 4 రోజులు, 2 ఫైట్లు, లెక్కలోకి వచ్చినవి 0.

దశ 2: కొలిచే పద్ధతి

బాస్ టెక్వాటల్. ఎంచుకోవడానికి కారణం, వీడు గడియారం ప్రకారం వస్తాడు: యూటీసీలో 00:00, 03:00, 07:00, 11:30, 16:00, 19:00. సముద్రపు ఒడ్డున జరుగుతుంది కాబట్టి నీళ్లు, నీడలు, జనం, మంత్రాలు అన్నీ ఒకే ఫ్రేమ్‌లో ఉంటాయి. నేను 16:00, 19:00 ఫైట్లకే వెళ్లాను. వేరే సమయాల్లో జనం తక్కువైతే అంకెలు ఊరికే పెరుగుతాయి.

1. బాస్ రావడానికి ఇరవై నిమిషాల ముందే మ్యాప్‌లోకి వెళ్లాలి, ఆలస్యమైతే వేరే మ్యాప్ కాపీలో పడేస్తుంది.
2. ప్రతిసారీ అదే టరెట్ పక్కన, అదే కోణంలో కెమెరా. బాస్, నీళ్లు, గుంపు మూడూ కనపడాలి.
3. మూడు చుక్కల బటన్ నొక్కి, పెర్ఫార్మెన్స్ ఓవర్‌లేని (తెర మీద ఫ్రేమ్‌లు, చిప్ వాడకం అంకెలు చూపించే పట్టీ) చివరి స్థాయికి పెట్టాలి.
4. ఫైట్ మొదలైన క్షణం నుంచి 60 సెకన్లు ఫోన్‌తో స్క్రీన్‌ని వీడియో తీయాలి.
5. తర్వాత వీడియోని సెకను సెకనుకీ ఆపుతూ ఫ్రేమ్‌ల అంకె నోట్‌బుక్‌లో రాయాలి. అరవై అంకెలు వస్తాయి.

ఆ అరవైలో రెండు సంగతులు చూస్తాను. ఒకటి సగటు. రెండోది, అన్నిటికన్నా తక్కువగా ఉన్న ఆరు అంకెల సగటు. దీన్ని ఇకపై 'అడుగు' అంటాను. చేతికి తెలిసేది అడుగే. బాస్ లేపిన అల మీదికి వస్తున్నప్పుడు దూకాలి, సరిగ్గా ఆ సెకనులోనే ఫ్రేమ్‌లు 11కి పడతాయి. అప్పుడు సగటు ఎంతున్నా ఏం లాభం?

ఒక్కో సెట్టింగ్‌కి వీలైనంతవరకు మూడు ఫైట్లు. ఒకే సెట్టింగ్‌తో చేసిన మూడింటి మధ్య సగటులో 2 దాకా తేడా వచ్చింది. కాబట్టి సగటులో 2, అంతకన్నా తక్కువ మార్పు వస్తే దాన్ని మార్పుగా లెక్కపెట్టను.

ఆట తనంతట తాను ఎంచుకున్న సెట్టింగ్‌లతో మొదటి కొలత:

క్వీన్స్‌డేల్ ఖాళీ పొలం: సగటు 61, అడుగు 52.
లయన్స్ ఆర్చ్ నగరంలో బ్యాంకు ముందు: సగటు 33, అడుగు 24.
టెక్వాటల్: సగటు 18, అడుగు 11.

ఒకే మెషీన్, ఒకే సెట్టింగ్‌లు. 61 చూపించి "బ్రహ్మాండంగా నడుస్తోంది" అనొచ్చు, 11 చూపించి "దండగ" అనొచ్చు. రెండూ నిజమే, అందుకే ఎక్కడ కొలిచారో చెప్పని అంకెని నేను పట్టించుకోవడం మానేశాను.

ఇప్పటిదాకా: 7 రోజులు, లెక్కలోకి వచ్చిన ఫైట్లు 3.

దశ 3: తప్పు దారి

ఫ్రేమ్‌లు తక్కువగా ఉంటే అందరూ చేసేదే నేనూ చేశాను. రెండర్ శాంప్లింగ్‌ని సబ్‌శాంపిల్‌కి దించాను, అంటే బొమ్మని తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేస్తుంది. టెక్స్చర్లు కిందికి, ఎన్విరాన్‌మెంట్ కిందికి, అంచుల్ని నున్నగా చేసే యాంటీ ఎలియాసింగ్ తీసేశాను. తెరంతా పొగమంచు పట్టిన అద్దంలా అయింది.

టెక్వాటల్: సగటు 19, అడుగు 11.

మూడు ఫైట్ల శ్రమ, ఫలితం సున్నా. అప్పుడు పాత వీడియోలు మళ్లీ తెరిచి, ఫ్రేమ్‌ల అంకె వదిలేసి దాని పక్క వరసలు చదివాను. జవాబు మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. టెక్వాటల్ దగ్గర గ్రాఫిక్స్ వాడకం 46 శాతం. నేను రిజల్యూషన్ దించాక 31 శాతం. అంటే గ్రాఫిక్స్ చిప్ సగం కంటే ఎక్కువ సమయం పని లేక కూర్చుంది, నేను దాని బరువే ఇంకా తగ్గిస్తూ పోయాను. ప్రాసెసర్ వైపు చూస్తే ఎనిమిది థ్రెడ్లలో (ఒకేసారి నడిచే పని వరసలు) ఒకటి 95 శాతం దగ్గర నిలబడి ఉంది, మిగతావి 20 నుంచి 40 మధ్య ఊగుతున్నాయి. మొత్తం ప్రాసెసర్ వాడకం 38 శాతమే చూపించింది కాబట్టి ముందు నా కంటికి ఆనలేదు. ఈ ఆట ముఖ్యమైన పని చాలావరకు ఒకే థ్రెడ్ మీద మోస్తుంది. ఎదుట వంద మంది ఉంటే వాళ్ల కదలికలు, కవచాలు, మంత్రాలు అన్నిటికీ గ్రాఫిక్స్ చిప్‌కి పని చెప్పాల్సింది ఆ ఒక్క థ్రెడ్డే.

రోగమొకటి, మందొకటి. రెండర్ శాంప్లింగ్ మళ్లీ నేటివ్‌కి, టెక్స్చర్లు మళ్లీ మీడియంకి పెట్టేశాను. గుంపులో దీనివల్ల పోయింది ఏమీ లేదు, బొమ్మ మాత్రం శుభ్రంగా ఉంది.

ఇప్పటిదాకా: 11 రోజులు, ఫైట్లు 6, ఫలితం ఇచ్చిన మార్పులు 0.

దశ 4: ప్రాసెసర్ మీద బరువు దించడం

ఈసారి ఒక్కొక్కటే మార్చాను, పాతవాటిని అలాగే ఉంచి.

రిఫ్లెక్షన్స్ 'ఆల్' నుంచి 'నన్'కి: సగటు 22, అడుగు 14. నీళ్లలో ప్రతిబింబం కావాలంటే ఆ గుంపునే ఇంకోసారి తలకిందులుగా గీయాలి. సముద్రపు ఒడ్డున ఇది రెట్టింపు చాకిరీ. ఇంట్లో కూర్చుని ఎడారి మ్యాప్‌లో పరీక్షిస్తే ఈ సెట్టింగ్‌కి ఏ విలువా లేదనిపించేది.

షాడోస్ 'నన్'కి: సగటు 25, అడుగు 16. నీడలకీ అదే లెక్క, వస్తువులన్నిటినీ ఇంకోసారి చూడాలి. నీడ లేకపోతే పాత్రలు నేల మీద తేలుతున్నట్టు కనిపిస్తాయి. మొదటి రెండు రోజులు కంటికి ఇబ్బందిగా ఉంది, తర్వాత అలవాటైంది.

ఇక అసలైనవి రెండు: క్యారెక్టర్ మోడల్ లిమిట్, క్యారెక్టర్ మోడల్ క్వాలిటీ. మొదటిది ఎంతమంది మనుషుల్ని గీయాలో చెబుతుంది, రెండోది వాళ్లని ఎంత వివరంగా గీయాలో. క్వాలిటీని 'లోయెస్ట్'కి పెట్టి, లిమిట్‌ని మూడు స్థాయిల్లో కొలిచాను.

లిమిట్ మీడియం: సగటు 27, అడుగు 19.
లిమిట్ లో: సగటు 31, అడుగు 24.
లిమిట్ లోయెస్ట్: సగటు 35, అడుగు 28.

అంకెలు చూస్తే లోయెస్ట్‌నే పెట్టుకోవాలి. నేను పెట్టలేదు. నేను ఆడేది డ్రూయిడ్, గుంపుకి ప్రాణం పోసే పని. లోయెస్ట్‌లో యాభై మంది ఉన్న చోట గుప్పెడు మంది దేహాలే కనిపించాయి, మిగతావాళ్లంతా గాల్లో తేలే పేర్లు. గుంపు ఎటు జరుగుతోందో, ఎవరు విడిపోయి దూరంగా నిలబడ్డారో కళ్లతో పట్టుకోవడం పోయింది. ఒక ఫైట్‌లో నా వైద్యమంతా ఖాళీ ఇసుక మీద పోసి, జనం ఇరవై అడుగులు పక్కకి వెళ్లారని ఆలస్యంగా గ్రహించాను. దెబ్బ కొట్టడమే మీ పని అయితే లోయెస్ట్ పెట్టుకోండి, ఏ ఇబ్బందీ ఉండదు. నాకు 'లో' ఖరారు.

మంత్రాల మెరుపుల్ని తగ్గించే ఎఫెక్ట్ ఎల్‌ఓడీ కూడా ఆన్ చేశాను. కొలతలో తేడా పట్టలేనంత తక్కువ. కానీ మంత్రాల మిరుమిట్లు తగ్గి అల వస్తున్నది స్పష్టంగా కనిపించింది కాబట్టి ఉంచేశాను.

ఇప్పటిదాకా: 20 రోజులు, ఫైట్లు 21. అడుగు 11 నుంచి 24కి.

దశ 5: 15 వాట్లని ఎవరు తాగుతున్నారు

లక్ష్యం అడుగు 27. ఇంకా 3 కావాలి.

ముందు చేసిన తప్పు: బ్యాటరీ మిగులుతుందని టీడీపీ లిమిట్‌ని (చిప్ తాగగలిగే కరెంటు మీద హద్దు) 10 వాట్లకి దించాను. ఖాళీ పొలంలో దాదాపు తేడా తెలియలేదు, కాబట్టి సంతోషంగా టెక్వాటల్ దగ్గరికి వెళ్లాను. సగటు 22, అడుగు 15. రెండు ఫైట్లతోనే ఆపేశాను. ప్రాసెసర్ స్పీడు 2.2 గిగాహెర్ట్జ్ దగ్గరికి జారిపోయింది.

అయితే ఈ తప్పే దారి చూపింది. 15 వాట్లూ ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఇద్దరూ ఒకే కుండలోంచి తోడుకునే నీళ్లు. గుంపులో గ్రాఫిక్స్‌కి పని తక్కువ, అయినా అది 1.6 గిగాహెర్ట్జ్‌కి ఎగిరి తన వాటా తాగేస్తోంది. దాన్ని కట్టేస్తే?

1. మూడు చుక్కల బటన్, పెర్ఫార్మెన్స్, అడ్వాన్స్‌డ్ వ్యూ.
2. 'యూజ్ పర్-గేమ్ ప్రొఫైల్' ఆన్. ఇది మరిచిపోతే మిగతా ఆటలన్నీ కుంటుపడతాయి.
3. టీడీపీ లిమిట్ ఆఫ్.
4. మాన్యువల్ జీపీయూ క్లాక్ ఆన్, 1000 మెగాహెర్ట్జ్.

ఫలితం: సగటు 33, అడుగు 27. ప్రాసెసర్ స్పీడు 2.9 నుంచి 3.2కి ఎక్కింది. సగటులో తేడా 2 మాత్రమే, నా నియమం ప్రకారం దాన్ని లెక్కపెట్టను. అడుగు మాత్రం మూడు ఫైట్లలోనూ 3 పెరిగింది, అందుకే ఉంచుతున్నాను. 800కి దించితే లయన్స్ ఆర్చ్‌లో గ్రాఫిక్స్ 97 శాతానికి చేరి అక్కడ కొత్త ఇరుకు మొదలైంది. 1000 దగ్గర ఆగండి.

బయోస్‌లోకి వెళ్లి యూఎంఏ ఫ్రేమ్ బఫర్‌ని (ఉమ్మడి మెమరీలో గ్రాఫిక్స్‌కి విడిగా పెట్టే భాగం) 1 జీబీ నుంచి 4 జీబీకి పెంచమనే సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. పెంచి చూశాను: సగటు 33, అడుగు 26. మార్పు లేదు. గ్రాఫిక్స్ మెమరీ ఇక్కడ సమస్యే కాదు కదా. మళ్లీ 1 జీబీకి పెట్టేశాను.

ఇప్పటిదాకా: 27 రోజులు, ఫైట్లు 28. అడుగు 27.

దశ 6: ఫ్రేమ్‌లది కాని కుదుపు

అంకెలు బాగున్నా ఒక్కోసారి నొక్కిన మంత్రం అర సెకను తర్వాత పడుతోంది. రెండు రోజులు మళ్లీ గ్రాఫిక్స్ సెట్టింగ్‌లే తవ్వాను. తర్వాత వీడియోలో ఫ్రేమ్‌టైమ్ గీత (ఒక్కో ఫ్రేమ్‌కి పట్టిన సమయం) చూస్తే ఆ క్షణంలో అది అడ్డంగా తిన్నగా, కదలకుండా ఉంది. కాబట్టి ముందు దేనివల్లో తేల్చుకోండి:

1. కెమెరా తిప్పండి. కెమెరాయే గుంజుకుపోతుంటే ఫ్రేమ్‌ల సమస్య.
2. కెమెరా నున్నగా తిరుగుతూ, పక్కవాళ్లు ఉన్నచోటే పరిగెత్తుతుంటే నెట్‌వర్క్ సమస్య.
3. ఆప్షన్స్ ప్యానెల్ అడుగున ఉండే పింగ్ అంకెని (సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే సమయం) కాసేపు గమనించండి.

నా పింగ్ మామూలుగా 142 మిల్లీసెకన్లు, కొన్ని సెకన్లకోసారి 400 దాటుతోంది. ఆట సర్వర్లు ఉత్తర అమెరికా, యూరప్‌లలోనే ఉన్నాయి కాబట్టి 142ని తగ్గించడం మన చేతిలో లేదు. ఎగరడం మాత్రం మన ఇంట్లోదే. సిస్టమ్ సెట్టింగ్‌లలో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే డెవలపర్ మెనూ వస్తుంది, అందులో వై-ఫై పవర్ మేనేజ్‌మెంట్ ఆఫ్ చేశాను. రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ వదిలి 5 గిగాహెర్ట్జ్‌కి మారాను. నాలుగు ఫైట్లలో పింగ్ 138, అత్యధికం 171. ఆలస్యం అలాగే ఉంది, కానీ ఎప్పుడూ ఒకేలా ఉంది. చెయ్యి దానికి అలవాటు పడుతుంది, ఎగుడుదిగుడుకి మాత్రం ఎప్పటికీ పడదు.

ఇప్పటిదాకా: 31 రోజులు, ఫైట్లు 32.

దశ 7: బటన్లు, అక్షరాలు

మంత్రాలు పది, వృత్తి మంత్రాలు ఐదు దాకా, పైగా తప్పించుకోవడం, ఆయుధం మార్చడం, ఎత్తుకోవడం. కీబోర్డు ఆటని స్టీమ్ ఇన్‌పుట్‌తో అమర్చుకున్నది ఇలా: కుడి ట్రిగ్గర్‌కి 1, నాలుగు ముఖ బటన్లకి 2 నుంచి 5. ఎడమ ట్రిగ్గర్ పట్టుకుంటే అవే ఐదు బటన్లు 6 నుంచి 10. ఎడమ బంపర్ పట్టుకుంటే వృత్తి మంత్రాలు. వెనక నాలుగు బటన్లకి తప్పించుకోవడం, దూకడం, ఎత్తుకోవడం, ఆయుధం మార్చడం. తప్పించుకోవడం కచ్చితంగా వెనకే ఉండాలి. బొటనవేలు స్టిక్ వదిలితే కదలిక ఆగుతుంది, ఆగితే అల కింద పడతాం.

ఒక బటన్‌కి రెండు మంత్రాలు వరసగా పడేలా పెట్టకండి. స్టీమ్ ఇన్‌పుట్ ఒప్పుకుంటుంది గానీ, ఒక నొక్కుకి ఒకే పని అన్నది ఈ ఆట మాక్రో నియమం. అకౌంట్ మీదికి వస్తుంది.

నేల మీద గురిపెట్టే మంత్రాలకి గ్రౌండ్ టార్గెటింగ్ 'ఇన్‌స్టంట్', దాంతోపాటు టార్గెట్ మీదికే అతుక్కునే 'స్నాప్' ఆప్షన్ పెట్టాను. ట్రాక్‌ప్యాడ్‌తో వలయం జరుపుతూ కూర్చునే పని తప్పింది.

అక్షరాలు: ఇంటర్‌ఫేస్ సైజు నార్మల్‌లో చాట్ అక్షరం ఎత్తు స్కేలు పెట్టి చూస్తే 1 మిల్లీమీటరు. 'లార్జర్'లో 1.4. చాట్ చదవగలుగుతున్నాను, బదులుగా మ్యాప్ మూల కొంత మూసుకుపోయింది. ఫైట్‌లో కమాండర్ రాసే మాట కనిపించడం ముఖ్యం కాబట్టి ఒప్పుకున్నాను.

దశ 8: కళ్లెం, బ్యాటరీ

33కీ 27కీ మధ్య ఊగే ఫ్రేమ్‌ల కన్నా కదలకుండా నిలిచే 30 నయం. ఫ్రేమ్ లిమిట్ 30 పెడితే స్క్రీన్ 90 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్‌ని మూడుసార్లు చూపిస్తుంది, నున్నగా ఉంటుంది. మూడు ఫైట్లలో సగటు 30, అడుగు 27. వీడియోలోని అరవై సెకన్లలో 30 కన్నా కిందికి జారినవి ఏడు. అలని ప్రతిసారీ దాటాను.

మామూలు మ్యాప్‌లలో 40 పెట్టుకుంటున్నాను, స్క్రీన్ 80 హెర్ట్జ్‌కి మారుతుంది. లిమిట్ లేనప్పుడు బ్యాటరీ నుంచి పోయేది 22 వాట్లు, అంటే రెండుంబావు గంటలు. 40 దగ్గర 14.5 వాట్లు, మూడు గంటల 27 నిమిషాలు. గుంపులో 30 దగ్గర 18 వాట్లు, రెండు గంటల 46 నిమిషాలు.

ఇప్పటిదాకా: 35 రోజులు, ఫైట్లు 35.

దశ 9: స్టోన్‌మిస్ట్ క్యాజిల్

మూడు పక్షాలూ ఒకేసారి కోటలోకి దిగే వరల్డ్ వర్సెస్ వరల్డ్ పోరు. ఇవే సెట్టింగ్‌లు, ఫ్రేమ్ లిమిట్ తీసేసి: సగటు 21, అడుగు 13. మోడల్ లిమిట్ లోయెస్ట్‌కి దించాక సగటు 27, అడుగు 19. మూడు రాత్రులు, మూడు రకాల జనం, అంకెలు పెద్దగా కదల్లేదు. గ్రాఫిక్స్ వాడకం 40 శాతం, ఒక థ్రెడ్ 98. ఇంకా తీసేయడానికి నా దగ్గర సెట్టింగ్‌లు మిగల్లేదు. టెక్వాటల్‌కి డెక్ సరిపోతుంది, కోటకి సరిపోదు. కోట రాత్రులకి డెస్క్‌టాప్ ముందే కూర్చుంటున్నాను, డెక్‌లో ఆ మ్యాప్‌లోకి వెళ్లడం మానేశాను.

మొత్తం: 39 రోజులు, 38 ఫైట్లు, చేత్తో రాసిన అంకెలు 2,280.